పాఠానికి ముందు చూపు

సండే స్కూలు ఉపాధ్యాయులకు, యువజన నాయకులకు జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం

ప్రభువునందు ప్రియులైన సహోదరీ సహోదరులారా, మీకందరికీ వందనాలు.

ఒకనాడు మన ప్రభువు జనసమూహంతో మాట్లాడుతూ, ఈ తరమువారిని దేనితో పోల్చాలి అని ప్రశ్న వేసుకుని, సంతవీధుల్లో కూర్చుని ఆడుకునే పిల్లల మాటను అందుకున్నాడు. "మీకు పిల్లనగ్రోవి ఊదితిమి గాని మీరు నాట్యమాడరైతిరి, ప్రలాపించితిమి గాని మీరు రొమ్ముకొట్టుకొనరైతిరి" అని ఒక జట్టు పిల్లలు మరో జట్టును నిష్ఠూరమాడే మాట అది. పెళ్లి ఆట ఆడదామంటే రారు, పోనీ చావు ఆట ఆడదామంటే దానికీ రారు. ఉపవాసముండే యోహాను వచ్చినప్పుడు వంక పెట్టి, అందరితో కూర్చుని భోజనం చేసే మనుష్యకుమారుడు వచ్చినప్పుడూ వంక పెట్టిన ఆ తరానికి ఇంతకన్నా సరిగ్గా అతికే పోలిక దొరకదు. మత్తయి 11వ అధ్యాయంలోని ఈ మాటను మనం చాలాసార్లు చదివి ఉంటాం. కానీ లోకరక్షకుడు వీధిలో పిల్లలు ఏమాడుతున్నారో, ఏమంటున్నారో శ్రద్ధగా విన్నాడన్న సంగతి దగ్గర ఎక్కువసేపు ఆగి ఉండం. నాకైతే అక్కడ ముందు ఆ సంగతే కనిపిస్తుంది.

ఆయన జనం నోట నలిగే సామెతలను కూడా వాడుకున్నాడు. "వైద్యుడా, నిన్ను నీవే స్వస్థపరచుకొనుము" అనే సామెతను నజరేతు సమాజమందిరంలో శ్రోతలు అనకముందే తానే అన్నాడు. సాయంకాలం ఆకాశం ఎర్రగా ఉంటే వాన రాదని, ఉదయం ఎర్రగా మబ్బుగా ఉంటే గాలివాన వస్తుందని జనం వేసుకునే లెక్కను పరిసయ్యుల ముందు పెట్టి, ఆకాశవైఖరి వివేచించగల మీకు కాలముల సూచనలు ఎందుకు తెలియడం లేదని నిలదీశాడు. కాబట్టి నిత్యజీవితం నుండి, జనం చూసే కథల నుండి, పాడుకునే పాటల నుండి, ఆడుకునే ఆటల నుండి విశ్వాస పాఠాలు తీయవచ్చా అని ఎవరైనా అడిగితే, మన ప్రభువే ఆ పని చేశాడని చెప్పవచ్చు. తీయవచ్చా అన్నదానికన్నా ఎలా తీయాలి అన్నదే మనల్ని ఆలోచింపజేయవలసిన ప్రశ్న. దానికి నా జవాబును ముందే చెప్పి, తరువాత వివరిస్తాను. వస్తువునైనా, సంఘటననైనా, కథనైనా ముందుగా ఉన్నదున్నట్టు చూడాలి. అది నిజంగా ఏమిటో, ఎలా పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోకముందే దానికి వాక్యాన్ని అతికిస్తే, ఆ వస్తువుకూ న్యాయం జరగదు, వాక్యానికీ న్యాయం జరగదు.

"ఆకాశపక్షులను చూడుడి" అన్నాడు ప్రభువు. "అడవిపువ్వులు ఏలాగు నెదుగుచున్నవో ఆలోచించుడి" అన్నాడు. ముందు చూడమన్నాడు, ఎలా ఎదుగుతున్నాయో ఆలోచించమన్నాడు, ఆ తరువాతే, కాబట్టి చింతించవద్దని చెప్పాడు. సొలొమోను కూడా సోమరిని చీమల దగ్గరకు వెళ్లి వాటి నడతలు కనిపెట్టమన్నాడు. కనిపెట్టడానికి సమయం పడుతుంది. చీమల బారును ఒక్క చూపు చూసి "అవును, కష్టపడాలి" అనుకుని వెళ్లిపోయేవాడికి ఆ వచనంలో ఉన్న సగం సంగతి తెలియదు. ఎందుకంటే వాటికి న్యాయాధిపతి లేకపోయినా, పై విచారణకర్త లేకపోయినా అవి ఆహారం సిద్ధపరచుకుంటాయని ఆ తరువాతి వచనాలు చెబుతున్నాయి. ఎవరూ చూడనప్పుడు నేను ఎలా పనిచేస్తాను అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది.

ఇంకొక ఉదాహరణ చూడండి. పరలోకరాజ్యం ఒక స్త్రీ మూడు కుంచముల పిండిలో దాచిపెట్టిన పుల్లని పిండిని పోలి ఉందని ప్రభువు చెప్పాడు. మూడు కుంచములంటే నేటి కొలతల్లో దాదాపు 40 లీటర్ల పిండి. ఒక ఇంటివారు ఒక పూట తినే రొట్టెలకు అంత పిండి అవసరం లేదు, అది పెద్ద విందుకు సరిపోయే కొలత. పైగా పులిసిన పిండికి ఆనాటి వినేవారి మనస్సులో మంచి పేరు లేదు. పస్కా దినాల్లో దాన్ని ఇంట్లో ఉంచకూడదు, ప్రభువే మరొక చోట పరిసయ్యుల పులిసిన పిండి గురించి జాగ్రత్తపడమన్నాడు. అలాంటి వస్తువును ఆయన దేవుని రాజ్యానికి ఉపమానం చేశాడు. ఒక వస్తువుకు ఒకే అర్థం శాశ్వతంగా అంటుకుని ఉండదనీ, దానిలోని ఏ గుణాన్ని మనం చూస్తున్నామో స్పష్టంగా తెలిసి ఉండాలనీ దీన్నిబట్టి అర్థమవుతుంది. ఇక్కడ ఆయన చూసింది పిండి కంటికి కనబడకుండా, చప్పుడు చేయకుండా, అంతటా వ్యాపించే గుణాన్ని.

ఇప్పుడు మన కాలపు ఒక వస్తువును తీసుకుందాం. ఫోనులో దారి చూపే జీపీఎస్‌ను దృష్టాంతంగా వాడని ప్రసంగీకులు ఈ రోజుల్లో అరుదు. మనం దారి తప్పినా అది కోప్పడదు, వెంటనే కొత్త దారి లెక్క కట్టి చూపిస్తుంది, దేవుడు కూడా అలాగే చేస్తాడు అని చెబుతారు. వినడానికి బాగుంటుంది, వినేవారు తలలు ఊపుతారు. కానీ ఆ వస్తువును కాస్త దగ్గరగా చూడండి. గమ్యం ఎవరు నిర్ణయిస్తున్నారు? నేను. నేను ఎక్కడికి వెళ్లాలని టైపు చేస్తే అక్కడికి దారి చూపడమే దాని పని, నేను వెళ్లకూడని చోటికి వెళుతున్నా అది అంతే మర్యాదగా దారి చెబుతుంది. దేవుణ్ణి అలా ఊహించుకోవడం సువార్తకు సరిగ్గా వ్యతిరేకం. నా ఇష్టాన్ని నెరవేర్చే సహాయకుడిగా దేవుణ్ణి చూసే మన పాత అలవాటుకు ఈ దృష్టాంతం కొత్త బట్టలు తొడుగుతుంది. "నా యిష్టము కాదు, నీ చిత్తమే సిద్ధించును గాక" అన్న గెత్సేమనే ప్రార్థన ఆ యంత్రంలో ఎక్కడా ఇమడదు.

అంతమాత్రాన ఆ వస్తువు మనకు ఏమీ నేర్పలేదని కాదు. అది ఎలా పనిచేస్తుందో తెలుసుకుంటే వేరొక పాఠం దొరుకుతుంది. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు తమ గడియారాల సమయాన్ని ఎడతెగకుండా ప్రసారం చేస్తుంటాయి. మన ఫోను కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలను అందుకుని, వాటి మధ్య ఉన్న సమయపు తేడాను బట్టి తాను ఎక్కడ ఉన్నదో లెక్క కడుతుంది. తాను ఉన్న చోటు తెలియనిదే అది ఒక్క అడుగు దారి కూడా చూపలేదు. పైగా ఆ చోటు తనంతట తానుగా దానికి తెలియదు, తనకు బయట, తనకు ఎంతో ఎత్తున ఉన్నవాటి మాట విని తెలుసుకోవాలి. ఏదెను తోటలో పాపం చేసి దాగిన మనుష్యుణ్ణి దేవుడు అడిగిన మొదటి ప్రశ్న "నీవు ఎక్కడ ఉన్నావు" అన్నదే. మనం ఎక్కడికి పోవాలో ప్రార్థనలో దేవునికి చాలా వివరంగా చెబుతాం. ఎక్కడ ఉన్నామో ఆయన నోట వినడానికి మాత్రం వెనుకాడతాం. ఒకే వస్తువు, రెండు పాఠాలు. మొదటిది పైపైన చూస్తే దొరికినది, అది మనల్ని మెచ్చుకుంటుంది. రెండవది దగ్గరగా చూస్తే దొరికినది, అది మనల్ని ఆపి ప్రశ్నిస్తుంది. సులువుగా దొరికి, నన్ను నేను మెచ్చుకునేలా చేసే పాఠాన్ని నేను ఎప్పుడూ రెండవసారి పరీక్షించి చూడాలనుకుంటాను. మీరూ అలాగే చేయమని కోరుతున్నాను.

ఇంట్లో ఏదైనా పోగొట్టుకుని వెదకిన అనుభవం లేనివారు ఇక్కడ ఎవరూ ఉండరు. తాళంచెవి అనుకోండి. వెదుకుతున్నంతసేపూ ఇంట్లో ఉన్న మిగతా వస్తువులన్నీ కనిపిస్తూనే ఉంటాయి గానీ ఒక్కటీ మనసుకు పట్టదు. ఒకసారి చూసిన సొరుగునే మళ్లీ తెరుస్తాం, అక్కడ లేదని తెలిసినా మూడోసారి కూడా తెరుస్తాం. మంచం కింద నేలమీద పడుకుని చెయ్యి చాపి తడుముతాం, చేతికి దుమ్ము అంటుతుంది, అయినా పట్టించుకోం. తాళంచెవికి మాత్రం తాను తప్పిపోయానని తెలియదు. అది మనల్ని పిలవదు, మన వైపు ఒక్క అంగుళం కూడా జరగదు. వెదకడంలో ఉన్న శ్రమంతా వెదికేవారిదే. దొరికిన క్షణాన కలిగే సంతోషానికి ఆ చిన్న ఇనుపముక్క విలువకూ పొంతన ఉండదు. ఇంట్లో ఎవరున్నా వారికి "దొరికింది" అని గట్టిగా చెప్పకుండా ఉండలేం.

లూకా 15వ అధ్యాయంలో ప్రభువు సరిగ్గా ఇదే చూశాడు. పది వెండి నాణెములున్న స్త్రీ ఒకటి పోగొట్టుకుని, దీపం వెలిగించి, ఇల్లు ఊడ్చి, దొరికేవరకు జాగ్రత్తగా వెదకి, దొరికాక చెలికత్తెలను, పొరుగువారిని పిలిచింది. ఈ ఉపమానాన్ని ప్రభువు మారుమనస్సు పొందే పాపి విషయమై కలిగే సంతోషంతో ముగించాడు. అయితే నాణెం మారుమనస్సు పొందలేదు గదా! అది దుమ్ములో పడి ఉంది, అంతే. మన మారుమనస్సు కూడా మనం మొదలుపెట్టిన పని అనుకునేవారికి ఈ ఉపమానం పెద్ద సవాలు. మనం తిరగకముందే మన కోసం ఎవరో దీపం పట్టుకుని నేల ఊడుస్తున్నారని ఇది చెబుతోంది. అదే అధ్యాయంలో తప్పిపోయిన కుమారుడు బుద్ధివచ్చి లేచి వస్తాడు, ఆ సంగతి కూడా సత్యమే. ప్రభువు రెండు కథలనూ పక్కపక్కనే పెట్టాడు. ఒకే దృష్టాంతంతో మొత్తం సువార్తను చెప్పేయాలని ఆయన ఎప్పుడూ ప్రయత్నించలేదు, మనం కూడా ప్రయత్నించకూడదు.

17వ శతాబ్దంలో పారిస్‌లోని ఒక కర్మేలీయ మఠంలో చాలా ఏళ్లు వంటపని చేసిన బ్రదర్ లారెన్స్ అనే సహోదరుడు ఉండేవాడు. 1691లో మరణించాడు. పద్దెనిమిదేళ్ల వయసులో చలికాలంలో ఆకులన్నీ రాలి మోడుగా నిలబడిన ఒక చెట్టును చూసి, కొంతకాలానికి దీనికి మళ్లీ ఆకులు వస్తాయి, పూలు పూస్తాయి, కాయలు కాస్తాయి కదా అనుకున్నాడు. ఆ ఆలోచన దేవుని శక్తిమీద, పోషణమీద అతనికి ఎంతటి చూపునిచ్చిందంటే, దశాబ్దాల తరువాత 1666లో ఒక అధికారితో మాట్లాడుతున్నప్పుడు తన విశ్వాస జీవితానికి మొదలుగా ఆ చెట్టునే చెప్పాడు. అందరూ చూసే చెట్టే అది. అతను ఆ ఒక్క చూపును జీవితాంతం వదలలేదు. వారానికొక కొత్త దృష్టాంతం కోసం వెదుక్కునే మనకు, ఒకే దృశ్యంతో ఒక మనిషి అన్నేళ్లు బ్రతకడం ఆశ్చర్యంగా ఉంటుంది. నా మట్టుకు నేను వందల దృష్టాంతాలకన్నా ఆ ఒక్క చెట్టుకే ఎక్కువ విలువ ఇస్తాను.

ఇప్పుడు ఒక హెచ్చరిక చెప్పాలి. దీన్ని నేను తేలికగా చెప్పడం లేదు, ఎందుకంటే తప్పుడు పాఠాలవల్ల గాయపడిన కుటుంబాలు మన సంఘాల్లో ఉన్నాయి. లూకా 13వ అధ్యాయంలో కొందరు ప్రభువు దగ్గరకు ఆనాటి వార్తను తెచ్చారు. పిలాతు గలిలయులు కొందరిని చంపించి, వారి రక్తాన్ని వారి బలులతో కలిపాడన్నది ఆ వార్త. ప్రభువు దానికి మరొక వార్తను జతచేశాడు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. జనం ఆ సంఘటనల నుండి ఒక పాఠాన్ని అప్పటికే తీసి సిద్ధంగా ఉంచుకున్నారు: చచ్చినవారు మిగతావారికన్నా పాపులై ఉంటారు. ప్రభువు ఆ పాఠాన్ని సూటిగా కొట్టివేశాడు. వారు ఎక్కువ పాపులేమీ కారని చెప్పి, "మీరు మారుమనస్సు పొందనియెడల మీరందరును ఆలాగే నశింతురు" అన్నాడు. వేలు చచ్చినవారి వైపు చూపిస్తున్నవారికి, ఆ వేలు తిరిగి తమ వైపే చూపేలా చేశాడు.

ప్రమాదం జరిగిన చోట మనం ఎంత త్వరగా పాఠం చెబుతామో ఆలోచించండి. బస్సు బోల్తాపడితే బ్రతికి బయటపడినవారు "దేవుడు నన్ను కాపాడాడు" అని సాక్ష్యం చెప్పడం న్యాయమే, అది కృతజ్ఞత. కానీ దాన్ని వేదికమీద నుండి పాఠంగా మార్చి, ప్రార్థన చేసినవాడు బ్రతికాడు అని మనం చెప్పినప్పుడు, పక్క సీటులో కూర్చుని ప్రార్థిస్తూనే చనిపోయిన వ్యక్తి తల్లి ఆ మాట వింటోందేమో ఆలోచించాలి. పుట్టుగుడ్డివాణ్ణి చూసిన శిష్యులు, వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులు చేశారా అని అడిగినప్పుడు ప్రభువు ఆ రెండింటినీ ఒప్పుకోలేదు. యోబు స్నేహితులు ఏడు రోజులు నేలమీద కూర్చుని మౌనంగా ఉన్నంతకాలం మంచి స్నేహితులే. వారి తప్పు ఆ తరువాత పాఠం చెప్పడం దగ్గర మొదలైంది. కొన్ని సంఘటనలలో మనకు పాఠం దొరకదు. దొరకనప్పుడు ఏడ్చేవారితో ఏడవడమే మనకు ఆజ్ఞ.

ఇక జనాదరణ పొందిన కథలు, పాటలు, సినిమాలు, ఆటల సంగతికి వస్తాను. మనలో కొందరు వీటిని అసలు ముట్టకూడదంటారు, కొందరు అన్నిటిలోనూ క్రీస్తు కనిపిస్తున్నాడంటారు. ఈ వాదన కొత్తది కాదు. క్రీ.శ. 200 ప్రాంతంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజికి చెందిన క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ ఆనాటి వినోద ప్రదర్శనలకు వ్యతిరేకంగా ఒక పుస్తకమే రాశాడు. అతని కాలంలో ఆ ప్రదర్శనలు విగ్రహారాధనతో పెనవేసుకుని ఉండేవి, అరేనాలో మనుషులు నిజంగా చచ్చిపోతుంటే జనం చూసి కేకలు వేసేవారు. ఆ సంగతి తెలిస్తే అతని తీవ్రత అర్థమవుతుంది. మరొక వైపు, ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుండి బంగారాన్ని తెచ్చినట్టే అన్యుల చదువులో ఉన్న సత్యాన్ని మనం తెచ్చుకుని దేవుని సేవకు వాడవచ్చునని ప్రాచీన సంఘ బోధకుడు అగస్టీన్ చెప్పాడు. ఆ పోలిక నాకు చాలా ఇష్టం. నిర్గమకాండమును జాగ్రత్తగా చదివితే అందులో మరో సంగతి కూడా ఉంది. ప్రజలు తమ చెవుల బంగారు పోగులను తీసి ఇస్తే 32వ అధ్యాయంలో అహరోను దూడను పోతపోశాడు. 35వ అధ్యాయంలో ప్రత్యక్షగుడారం కోసం మనఃపూర్వకంగా తెచ్చిన అర్పణల్లోనూ పోగులున్నాయి. ఒకే ప్రజలు, ఒకే రకపు నగలు, ఒకచోట విగ్రహమయ్యాయి, మరొకచోట దేవుని మందిరమయ్యాయి. బంగారం మంచిదా చెడ్డదా అని వాదిస్తూ కూర్చుంటే ఈ తేడా మనకు కనబడదు.

ఏథెన్సులో పౌలు ఏం చేశాడో చూడండి. ఆ పట్టణం విగ్రహాలతో నిండి ఉండడం చూసి అతని ఆత్మ పరితాపం పట్టలేకపోయింది. ఆ బాధ నిజమైనది, అతను దాన్ని దాచుకోలేదు. అయినా కళ్లు మూసుకుని నడవలేదు. వారి దేవతా ప్రతిమలను చూస్తూ తిరిగాడు, ఒక బలిపీఠం మీది రాతను చదివాడు, "తెలియబడని దేవునికి" అన్న ఆ మాటతోనే ప్రసంగం ఎత్తుకున్నాడు. "మనమాయన సంతానమని" మీ కవీశ్వరులలో కొందరు చెప్పుచున్నారు అంటూ అతను ఎత్తిచూపిన పాదం క్రీ.పూ. 3వ శతాబ్దపు కవి అరాటస్ నక్షత్రాలమీద రాసిన కావ్యంలోనిది. అరాటస్‌ది కిలికియ ప్రాంతం, తార్సువాడైన పౌలుదీ కిలికియే. ఆ కావ్యంలో "ఆయన" అంటే జ్యూస్ దేవత. పౌలుకు ఆ సంగతి తెలియక కాదు. ఆ కవి తాకిన సత్యాన్ని గౌరవించి, ఆ సత్యం ఎవరికి చెందుతుందో చెప్పాడు. మనం దేవుని సంతానమైతే దైవత్వం బంగారాన్నో రాతినో పోలి ఉందని తలచకూడదని అక్కడి నుండి ముందుకు నడిపించాడు, మారుమనస్సు దగ్గరకు, తీర్పు దినం దగ్గరకు, పునరుత్థానం దగ్గరకు తీసుకువెళ్లాడు. పునరుత్థానం అనగానే కొందరు అపహాస్యం చేశారు. దియొనూసియు, దమరి మొదలైన కొందరు విశ్వసించారు. కవి పాదం దగ్గరే ఆగిపోయి ఉంటే ఎవరూ నవ్వేవారు కాదు, ఎవరూ రక్షణ పొందేవారూ కాదు.

కొరింథీయులకు పరుగు పందెం గురించి రాసినప్పుడూ ఇంతే. కొరింథుకు దగ్గరలో రెండేళ్లకొకసారి ఇస్త్మియా క్రీడలు జరిగేవి. అవి సముద్రదేవత పోసిడాన్ పేరిట జరిగేవి. గెలిచినవాడి తలమీద పెట్టేది ఆకులతో అల్లిన కిరీటం. "క్షయమగు కిరీటము" అన్న మాట చదివినప్పుడు కొరింథు విశ్వాసుల కళ్లముందు వాడిపోతున్న ఆ ఆకులు మెదిలి ఉంటాయి.

ఇప్పటి కథలను కూడా ఇదే చూపుతో చూద్దాం. ఎక్కువమంది ఇష్టపడే కథల్లో పగ కథలు ముఖ్యమైనవి. బలవంతుడు బీదవాణ్ణి నలిపేస్తాడు, చట్టం కళ్లు మూసుకుంటుంది, చివరికి కథానాయకుడు లేచి దుర్మార్గుణ్ణి పడగొడతాడు, చూసేవారు ఈలలు వేస్తారు. ఈ కథను చూడగానే "హింస, పాపం" అని కొట్టిపారేయడం సులువు. ఆ ఈల ఎక్కడి నుండి వచ్చిందో అడగండి. అన్యాయం శిక్ష లేకుండా పోకూడదన్న దాహం మనిషిలో లోతుగా ఉంది. ప్రకటన గ్రంథంలో బలిపీఠం కింద ఉన్న హతసాక్షులు "ఎందాక?" అని కేక వేసింది ఆ దాహంతోనే. కీర్తనల్లో సగం మొర అదే. ఆ దాహం తప్పు కాదు, దాన్ని మనలో ఉంచింది న్యాయవంతుడైన దేవుడే. కథ తప్పిపోయేది జవాబు దగ్గర. కథానాయకుడు కత్తి పట్టుకున్నప్పుడు, "పగతీర్చుట నా పని, నేనే ప్రతిఫలము నిత్తును" అన్నవాని స్థానంలో కూర్చున్నాడు. ఆ వచనం పక్కనే, నీ శత్రువు ఆకలిగొంటే భోజనం పెట్టమన్న మాట ఉంది. ఆ భోజనం పెట్టే దృశ్యాన్ని ఏ పగ కథా చూపించదు. ఈ తేడాను యువకులతో కలిసి మాట్లాడి చూడండి, వాళ్లు ఎంత లోతుగా ఆలోచిస్తారో మీరే చూస్తారు.

ఇతరుల కోసం ప్రాణం పెట్టే కథానాయకుల సంగతీ చూడాలి. తెరమీద ఎవరైనా చేతులు చాపి చనిపోగానే "అదిగో క్రీస్తు పోలిక" అనడం మనకు అలవాటైపోయింది. మన కన్నీళ్లు అబద్ధం కావు, త్యాగానికి మన హృదయం కరగడంలో దేవుని హస్తముంది. అయితే ఆ కథానాయకుడు ఎవరి కోసం చనిపోయాడు? తన కుటుంబం కోసం, తన స్నేహితుని కోసం, తన ప్రజల కోసం. పౌలు రోమీయులకు రాస్తూ, మంచివాని కోసం ఎవడైనా ఒకవేళ చనిపోవడానికి తెగించవచ్చు అన్నాడు. అంతవరకూ మన కథలు వెళతాయి. "మనమింకను పాపులమై యుండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెను." పడగొట్టవలసిన దుర్మార్గుని కోసమే కథానాయకుడు ప్రాణం పెట్టిన కథను జనం ఒప్పుకుంటారా? ఒప్పుకోరు, డబ్బులు వెనక్కి ఇమ్మంటారు. సువార్త అంత వింతైనది. కథకూ సిలువకూ ఉన్న పోలికను చెప్పి ఊరుకునే బోధకుడు, ఆ తేడాను చెప్పే అవకాశాన్ని వదులుకుంటున్నాడు.

మంచి పాత్రలు లేని కథ మనకు పనికిరాదనుకోవడం కూడా సరికాదు. ప్రభువు చెప్పిన ఉపమానాల్లో అన్యాయస్థుడైన గృహనిర్వాహకుడు ఉన్నాడు, దేవునికి భయపడని న్యాయాధిపతి ఉన్నాడు. యజమాని లెక్కల్లో మోసం చేసినవాణ్ణి కథ మధ్యలో నిలబెట్టి, వాడి ముందుచూపును చూడమన్నాడు, మోసాన్ని అనుసరించమనలేదు. వినేవారికి ఆ రెంటినీ వేరుచేసే తెలివి ఉందని ఆయన నమ్మాడు.

అయితే ఏ కథ నన్ను కడుతోంది, ఏ కథ నన్ను తినేస్తోంది అని ఎలా తెలుసుకోవాలి? 1521లో, నేటి స్పెయిన్‌లోని పాంప్లోనా కోటలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగిన ఇగ్నేషియస్ అనే సైనికుడు, లోయోలాలోని తమ ఇంట్లో నెలల తరబడి మంచంమీద ఉండిపోయాడు. కాలక్షేపానికి అప్పట్లో అందరూ చదివే వీరుల కథలు తెమ్మన్నాడు. ఇంట్లో అవి లేక, క్రీస్తు జీవితం, భక్తుల చరిత్రలు ఉన్న పుస్తకాలు ఇచ్చారు. అతను రెండు రకాల ఊహల్లోనూ గంటలు గడిపేవాడు. కొన్నిసార్లు ఒక రాచస్త్రీ కోసం చేయబోయే సాహసాలను, మరికొన్నిసార్లు భక్తుల్లా జీవించడాన్ని ఊహించేవాడు. ఊహిస్తున్నంతసేపూ రెండూ సంతోషంగానే ఉండేవి. ముగిశాక మొదటిది అతణ్ణి ఎండిపోయినట్టు వదిలేసేది, రెండవది ముగిశాక కూడా సంతోషం నిలిచేది. ఆ తేడాను గమనించడంతో అతని జీవితం మలుపు తిరిగింది. మనం ఒక సీరియల్ చూసి ముగించాక, గంటసేపు రీల్స్ చూసి ఫోను పక్కన పెట్టాక, లోపల ఏం మిగిలిందో అడిగి చూడటం ఎంత అవసరమో! ఇంట్లో ఉన్నవారిమీద ప్రేమ పెరిగిందా, చిరాకు పెరిగిందా? నాకున్నదానికి కృతజ్ఞత కలిగిందా, లేనిదానిమీద ఆశ మండిందా? చూస్తున్నప్పుడు కలిగే ఆనందం ఈ ప్రశ్నలకు జవాబు చెప్పదు.

అగస్టీన్ ఇంకొంచెం దూరం వెళ్లాడు. కార్తేజిలో చదువుకునే రోజుల్లో నాటకశాలలో కల్పిత పాత్రల దుఃఖానికి ఏడ్చి, ఆ ఏడుపులో సుఖం పొందేవాడినని తన ఒప్పుకోలులో రాసుకున్నాడు. బాల్యంలో, పాత కావ్యంలో ప్రేమ కోసం చనిపోయిన దీదో రాణి కోసం కన్నీరు కార్చిన తాను, దేవునికి దూరమై చచ్చిపోతున్న తన కోసం ఒక్క చుక్క కార్చలేదని దేవుని ముందు ఒప్పుకున్నాడు. కథలో మనల్ని ఏడిపించే బీదవాడు బయట మన గుమ్మం ముందు నిలబడితే మనకు విసుగు కలగవచ్చు. నాతాను ప్రవక్త దావీదుకు బీదవాని గొఱ్ఱెపిల్ల కథ చెప్పినప్పుడు దావీదు బహుగా కోపించాడు, ఆ పని చేసినవాడు మరణపాత్రుడన్నాడు. కథ అతని హృదయాన్ని తాకింది, అతని న్యాయబుద్ధి మేలుకుంది. అయినా "ఆ మనుష్యుడవు నీవే" అన్న మాట వినేవరకు అతను ఆ కథలో లేడు. ఏ సినిమాకైనా, ఏ పాటకైనా మనం అడగవలసిన ప్రశ్న అది: ఇందులో నేను ఎవరిని? మనం ఎప్పుడూ కథానాయకుని పక్కనే నిలబడతాం. ఒకసారి ప్రతినాయకుని ముఖం చూసి, అందులో మన పోలిక ఏమైనా ఉందేమో వెదకడం ప్రార్థనకు మంచి ఆరంభం.

సండే స్కూలు నడిపే మీకు ఒక్క మాట. పిల్లలు తాము చూసిన కథను మీకు చెప్పడానికి వస్తే, "అందులో యేసయ్య ఎక్కడ ఉన్నాడు" అని వెంటనే అడగకండి. పిల్లలకు ఆ ప్రశ్న తెలిసిపోయింది, మీరు కోరిన జవాబు క్షణంలో చెప్పి వెళ్లిపోతారు. ఎవరికి భయం వేసింది, ఎందుకు వేసింది, ఎవరు అబద్ధమాడారు, వాళ్లను ఎవరు క్షమించారు, నువ్వైతే క్షమించేవాడివా అని అడగండి. మొత్తం కథను వాళ్ల నోటే వినండి, మధ్యలో వాక్యాన్ని దూర్చకండి. వాళ్లు కథను చూసినంత శ్రద్ధగా మీరు వాళ్ల మాటను వింటే, వాక్యం పెట్టవలసిన చోటు వాళ్లే చూపిస్తారు. ఆ తరువాత "ఏవి సత్యమైనవో, ఏవి మాన్యమైనవో, ఏవి న్యాయమైనవో, ఏవి పవిత్రమైనవో" అన్న ఫిలిప్పీయుల వచనాన్ని బోర్డుమీద రాసి, కథలోని ఒక్కొక్క పాత్రను ఆ మాటల పక్కన పెట్టమని పిల్లలకే సుద్దముక్క ఇవ్వండి. కొన్ని పాత్రలు ఏ మాట పక్కనా కుదరవు, కొన్ని రెండు మూడు మాటల పక్కన కుదురుతాయి. పిల్లలు దానిమీద వాదించుకుంటారు, వాదించుకోనివ్వండి. గంట అయిపోయి జవాబు తేలకపోతే, వచ్చే ఆదివారం అక్కడి నుండే మొదలుపెట్టండి.